అరిచింది అమ్మలా, టీచర్?

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం చినవాల్తేరులో మా వీధి చివర మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర నిలబడి ఉన్నాను. నా ముందు వరుసలో మా పక్క అపార్టుమెంటు కుర్రాడు. ఇథియోపియా నుంచి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. గేటు దగ్గర ఎదురైతే పలకరించుకుంటాం, అంతకు మించి పరిచయం లేదు. బండివాడు పొత్తుకు ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్క రుద్ది చేతికి ఇస్తుండగా వెనక నుంచి ఒక మాట వినబడింది. ఆ వెంటనే ఇద్దరు పిల్లల నవ్వు.

ఆ మాట ఇక్కడ రాయను. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు చెడు ఉద్దేశం లేకుండానే వాడిన మాట అది. కానీ ముందు ‘ఒరేయ్’, వెనక నవ్వు చేరితే అది రాయి అవుతుంది. అతను వెనక్కి తిరగలేదు. డబ్బులిచ్చి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర ప్రహరీ గోడ మీద పొత్తు పెట్టేసి వెళ్ళడం చూశాను. ఒక్క గింజ కూడా తినలేదు.

తిరిగి చూస్తే ఆ ఇద్దరూ నా పిల్లలే. నేను ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఆదివారాలు మా మేడ మీద వీధిలోని పిల్లలు పదిమందీ పన్నెండుమందీ చేరతారు. చరిత్ర కథలు చదువుకుంటాం, వాదించుకుంటాం. ఆ ఉదయం కూడా ఈ ఇద్దరూ వచ్చి వెళ్ళారు. ఇద్దరూ తొమ్మిదో తరగతి.

వీధిలోనే గట్టిగా కోప్పడ్డాను. ఆ మాట అన్నవాడు తల దించుకున్నాడు. రెండోవాడు మాత్రం, ‘నల్లగా ఉన్నవాణ్ణి నల్లగా ఉన్నాడంటే తప్పేమిటి టీచర్? నన్ను కూడా క్లాసులో తారు డబ్బా అంటారు. నేను ఏడవడం లేదు కదా?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికి పొమ్మన్నాను. ఆ రాత్రి పడుకున్నాక తెలిసింది, నేను వాళ్ళకు నేర్పింది ఒకటే: టీచర్ వినేటప్పుడు ఆ మాట అనకూడదని.

తర్వాతి ఆదివారం బాగా సిద్ధమై కూర్చున్నాను. రూబీ బ్రిడ్జెస్ కథ చెప్పాను. 1960 నవంబరు 14న అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరంలో ఆరేళ్ళ నల్లజాతి పాప, అప్పటిదాకా తెల్లపిల్లలు మాత్రమే చదివిన బడికి మొదటిసారి వెళ్ళింది. చుట్టూ ప్రభుత్వ మార్షల్స్ కాపలా. బయట గుంపు కేకలు వేస్తోంది. తెల్లపిల్లల తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించారు. ఆ ఏడాదంతా బార్బరా హెన్రీ అనే ఒక్క టీచరు, ఎదురుగా ఒక్క విద్యార్థినితో, ఖాళీ బల్లల మధ్య పాఠాలు చెప్పింది.

పిల్లలు కదలకుండా విన్నారు. బండి దగ్గర ఆ మాట అన్న కుర్రాడి కళ్ళలోనే నీళ్ళు చూశాను. అప్పుడు ఏడో తరగతి చదివే పాప అడిగింది: ‘బయట అరిచింది ఎవరు? అమ్మలా, టీచర్?’

అమ్మలూ ఉన్నారని చెప్పాను. నాన్నలూ ఉన్నారు. పొద్దున లేచి పిల్లలకు తలదువ్వి, టిఫిను పెట్టి, తర్వాత వెళ్ళి ఆ పాప మీద అరిచినవాళ్ళు. ఆ పాప ఇంకేమీ అడగలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే కాలు ఆగిపోయింది. ఎందుకంటే అరగంట తర్వాత అదే పిల్లలు మా మేడ మెట్లు దిగుతూ, ‘తారు డబ్బా, పక్కకు జరుగు’ అనుకుంటూ వెళ్ళారు. ఎక్కడో న్యూ ఓర్లీన్స్‌లో జరిగినదానికి ఏడవడం సులువు. అక్కడ మనం ఎప్పుడూ ఆ పాప పక్కనే నిలబడతాం. మా వీధిలో ఎక్కడ నిలబడుతున్నామో తెలియాలంటే పిల్లలతో మాత్రమే కుదరదు, పెద్దవాళ్ళను కూడా పిలవాలి అనుకున్నాను.

ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. ‘జాతి వివక్ష గురించి మాట్లాడుకుందాం’ అంటే చాలామందికి అర్థం కాలేదు. ‘జాతి’ అంటే మనకు జాతీయ జెండా గుర్తొస్తుంది, పక్షి జాతులు గుర్తొస్తాయి. అందుకని, ‘మన పిల్లలు పరాయిచోట ఎలా బతుకుతున్నారో, మన దగ్గరికి వచ్చిన పరాయి పిల్లలు ఎలా బతుకుతున్నారో మాట్లాడుకుందాం’ అని చెప్పాను. తొమ్మిదిమంది వచ్చారు. వాళ్ళలో నలుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు.

నేను మొదలుపెట్టనక్కరలేకపోయింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన సంగతి ఒక తల్లి ఎత్తింది. ‘మా దేశం నుంచి పొండి’ అని అరిచి కాల్చాడు కదా అంది. అప్పుడు వాళ్ళ అబ్బాయి చదువు కోసం వెళ్ళి ఆరు నెలలు. బస్సులో తెలుగులో మాట్లాడొద్దని ఫోనులో చెప్పిందట. ‘నా బిడ్డకు నేర్పిన మాటను నేనే వద్దన్నాను టీచర్‌గారూ’ అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గదిలో అందరికీ ఆ భయం తెలుసు. పిల్లలు కూడా వింటున్నారు. వాళ్ళ అన్నయ్యలు, అక్కయ్యలు వీడియోలో నవ్వుతూ కనబడతారే గాని, ఇంట్లోవాళ్ళు ఫోను పెట్టేశాక ఎంతసేపు అలాగే కూర్చుంటారో వాళ్ళు గమనించి ఉండరు.

అప్పుడు నేను, పక్క అపార్టుమెంటు కుర్రాడి అమ్మ కూడా ఇలాగే ఫోను చేస్తూ ఉంటుందేమో అన్నాను. పొత్తుల బండి దగ్గర జరిగింది చెప్పాను, ఎవరు అన్నారో చెప్పలేదు.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక తండ్రి, నిజాయితీగల మనిషి, ‘నేను ఆఫ్రికా పిల్లలకు ఇల్లు అద్దెకు ఇవ్వలేదండీ. దాచడం ఎందుకు? వాళ్ళ వంట వాసన పడదు, రాత్రిళ్ళు పాటలు, ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు’ అన్నారు. మీ ఇంట్లో అద్దెకున్న వాళ్ళెవరైనా అలా చేశారా అని అడిగాను. లేదు, విన్నానన్నారు. వాళ్ళ అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. గది దొరకడానికి చాలా తిరిగాడని వేసవిలో ఆయనే నాతో చెప్పారు. ఎందుకు దొరకలేదో ఈసారి అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. కాసేపయ్యాక, ‘కూర వాసన అన్నారట’ అన్నారు.

ఆ మాటతో ఆయన మారిపోయారని నేను రాయను. ‘అది వేరు, ఇది వేరు’ అని కూడా అన్నారు. కానీ ఆ రెండు వాసనలూ ఒకే గదిలోకి వచ్చాయి. వాళ్ళ చిన్నకొడుకు తండ్రి ముఖం వైపే చూస్తున్నాడు. పెద్దవాళ్ళను వేరుగా, పిల్లలను వేరుగా కూర్చోబెడితే ఆ చూపు ఉండేది కాదు. అందుకే ఈ మాటలు ఇద్దరూ కలిసి కూర్చున్నచోటే మాట్లాడాలని గట్టిగా అంటాను.

ఇంకొకాయన, ‘అమెరికాలో మనవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు. అక్కడ మనల్ని నల్లవాళ్ళతో కలపరు లెండి’ అన్నారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ, తాను ఆర్యుణ్ణి, అగ్రకులంవాణ్ణి కాబట్టి తెల్లవాడినేనని వాదించి అమెరికా పౌరసత్వం నిలబెట్టుకోవాలని చూశాడు. అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరు భారతీయుల నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. మరి మన పిల్లలు ఇన్ని వేలమంది అక్కడికి వెళ్ళే దారి ఎప్పుడు తెరుచుకుంది? 1965లో వలస చట్టం మారాక. ఏ దేశంలో పుట్టారన్నదాన్ని బట్టి కోటాలు పెట్టడం అన్యాయమని ఆ దేశం ఒప్పుకున్నది, నల్లజాతివారు రోడ్ల మీద నడిచి, దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి 1964లో పౌరహక్కుల చట్టం సాధించిన మరుసటి ఏడే. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరంలో, బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడానికి నిరసనగా 381 రోజులు బస్సెక్కకుండా నడిచిన కాళ్ళకు మన వీసాలు రుణపడి ఉన్నాయి. ఇది చెప్పినప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది. పెరగాల్సిన చోటే పెరిగింది అనుకుంటున్నాను.

మూడో ఆదివారం మా ఇంటి సంగతి చెప్పాను. ఇది ముందే చెప్పాల్సింది.

మా నాన్న రంగూన్‌లో పుట్టారు. మా తాతగారిది భీమిలి వైపు. ఆ రోజుల్లో ఈ తీరంలోని రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు పడవెక్కి బర్మా వెళ్ళేవారు. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, వీధులు ఊడవడం వాళ్ళ పనులు. అక్కడ తెలుగువాళ్ళ పేరు ‘కోరంగీలు’. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే అది. సముద్రం దాటాక తిట్టుగా మారింది. భారతీయులందరికీ ఇంకో పేరు ‘కలా’. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మీయులను పొమ్మన్నారు. దాంతో అల్లర్లు రేగాయి. లాభం కంపెనీలది, చచ్చింది కూలీలు. ఆ అల్లర్లలో వందమందికి పైగా ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది మనవాళ్ళే. 1942లో జపాను దాడికి భయపడి లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు, అడవి దారుల్లో నడుస్తూ ఎందరో పోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక మిగిలినవాళ్ళూ కదలాల్సివచ్చింది. మా నాన్న 1965లో ఒక ట్రంకు పెట్టెతో విశాఖ ఓడరేవులో దిగారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో నేను పెరిగాను.

మా నాయనమ్మ ‘కోరంగి’ అన్న మాటను చివరిదాకా నోటితో అనలేదు. ‘ఆ మాట’ అనేది. పిల్లలకు ఇది చెబుతుంటే బండి దగ్గర ఆ మాట అన్న కుర్రాడు నా వైపు చూడలేకపోయాడు.

కానీ ఇక్కడ ఆపితే సగం అబద్ధం అవుతుంది. అదే నాయనమ్మ మా నాన్నకు సంబంధాలు చూసేటప్పుడు నలుపని ముగ్గురు పిల్లలను వద్దంది. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మకు కుంకుమపువ్వు కలిపిన పాలు తాగించింది. నేను పుట్టాక చూసి, ‘పోనీలే, నలుపు నారాయణ మెచ్చు’ అందట. ఆ ‘పోనీలే’ను నేను నలభై ఏళ్ళుగా మోస్తున్నాను. దెబ్బ తిన్నవాళ్ళకు దెబ్బ విలువ దానంతటదే తెలిసిపోతుందని నేను నమ్మను. కూర్చుని మాట్లాడుకుంటే తప్ప తెలియదు.

ఆ రోజు పిల్లలకూ పెద్దలకూ చీటీలు ఇచ్చాను. రంగు గురించి మీ ఇంట్లో విన్న మాట ఒకటి రాయండి, పేరు వద్దు అన్నాను. గిన్నెలో వేసి ఒక్కొక్కటీ చదివాను. కర్రిపిల్ల. బొగ్గు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఎర్రగా బుర్రగా ఉండే అల్లుడు. ఎండలో ఆడకు, నల్లబడతావు. సున్నిపిండి రుద్దితే విరుగుతుంది. ముఖం కళగా ఉంది, రంగే తక్కువ. ముఖానికి పూసుకునే క్రీము పేరు రెండు చీటీల్లో వచ్చింది. ‘ఫెయిర్’ అన్న మాట తీసేసి కంపెనీ 2020లో దానికి కొత్త పేరు పెట్టింది గాని ఇళ్ళల్లో ఇంకా పాత పేరే.

ఒక చీటీలో ఇలా ఉంది: ‘ఫొటో తీసేటప్పుడు మా అమ్మ నన్ను వెనక నిలబెడుతుంది.’

అది చదివేశాక గాని నాకు అర్థం కాలేదు, ఆ తల్లి గదిలోనే ఉందని. చదవకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరి చేతిరాతో తల్లికి తెలియకుండా ఉంటుందా? ఆవిడ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చాలాసేపటికి, ఎవరినీ చూడకుండా, ‘మా అక్క పెళ్ళిలో నన్ను వంటింట్లో ఉండమన్నారు. పెళ్ళివాళ్ళు నన్ను చూస్తే అక్క రంగు పౌడరేమో అనుకుంటారని’ అంది. కూతురికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. పాప లేచి అమ్మ పక్కకు వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మేము కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. కింద వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు ఒకటే వినబడుతోంది.

కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు 1940లలో పిల్లల ముందు నల్లబొమ్మనూ తెల్లబొమ్మనూ పెట్టి ఏది మంచిదో చెప్పమన్నారు. ఎక్కువమంది నల్లపిల్లలు తెల్లబొమ్మనే చూపించారు. బడుల్లో వేర్పాటు చెల్లదన్న అమెరికా సుప్రీంకోర్టు 1954 నాటి తీర్పులో ఆ పరిశోధన కూడా లెక్కకు వచ్చింది. ఆ సంగతి ఆ రోజు చెప్పాలని రాసుకుని తెచ్చాను. చెప్పలేదు. ఆ గదిలో ఇక దాని అవసరం లేదు.

గొడవ నాలుగో ఆదివారం వచ్చింది. బోర్డు మీద ‘వర్ణవివక్ష’ అని రాశాను. పదో తరగతి అమ్మాయి చేయి ఎత్తి, ‘టీచర్, వర్ణం అంటే రంగా, కులమా?’ అంది.

మన భాషలో రెండూ. దక్షిణాఫ్రికాలో జరిగినదానికి పత్రికలు వాడిన మాటా అదే, చతుర్వర్ణాల్లో ఉన్న మాటా అదే. ఆ అమ్మాయి ప్రశ్నను పక్కకు నెట్టే హక్కు నాకు లేదు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో దళిత విద్యార్థుల బడికి వెళ్ళారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను ‘అమెరికా నుంచి వచ్చిన సాటి అస్పృశ్యుడు’ అని పరిచయం చేశారు. మొదట కింగ్ నొచ్చుకున్నారు. తర్వాత తన దేశంలో తన ప్రజల బతుకు తలచుకుని, నిజమే అనుకున్నానని ఒక ప్రసంగంలో తానే చెప్పారు. అంతకు ముందే, 1946లో, అంబేడ్కర్ అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అస్పృశ్యుల పరిస్థితికీ అమెరికా నల్లవారి పరిస్థితికీ ఎంతో పోలిక ఉందని, వారి సమస్యను తాను చదువుతున్నానని. వాళ్ళకు కనబడిన పోలిక మన పిల్లలకు కనబడకుండా నేను అడ్డం నిలబడాలా?

గది బిగుసుకుపోయింది. ఆ రాత్రి ఒక తండ్రి ఫోను చేశారు. ‘రంగు గురించి ఎంతైనా చెప్పండి మేడం, బాగుంది. కులం జోలికి మాత్రం వద్దు. పిల్లల మనసు పాడవుతుంది’ అన్నారు. అద్దె ఇల్లు అడిగేటప్పుడు ‘మీరేమిట్లు?’ అని అడిగే నోరూ, ‘ఆఫ్రికావాళ్ళకు ఇవ్వం’ అనే నోరూ ఒకటే కదండీ అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. రెండు కుటుంబాలు మానేశాయి. ఆ ఇళ్ళ పిల్లలు వీధిలో కనబడితే నవ్వుతారు, మేడ మీదికి రారు. బాధగా ఉంది. అయినా ఆ పదో తరగతి అమ్మాయికి ‘రంగు మాత్రమే’ అని జవాబు చెప్పి ఉంటే, తర్వాత ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

మధ్యలో ఒక పొరపాటు చేశాను, అదీ చెప్పాలి. పక్క అపార్టుమెంటు కుర్రాణ్ణి ఒకసారి వచ్చి పిల్లలతో మాట్లాడమని అడిగాను. మర్యాదగా వద్దన్నాడు. ‘వాళ్ళు నన్ను ప్రశ్నలు అడుగుతారు. నేను రోజంతా జవాబులు చెబుతూనే ఉంటాను, బస్సులో, షాపులో. ఈసారి మీరే వాళ్ళను అడగండి’ అన్నాడు. దెబ్బ తిన్నవాడినే పాఠం కూడా చెప్పమన్నాను. ఆ మాటకు నేను ఇంకా తలవంచుకునే ఉన్నాను.

బండి దగ్గర మొదట తల దించుకున్న కుర్రాడు తనంతట తానే ఒక ఉత్తరం రాసి తెచ్చాడు. ‘మీరు బాధపడి ఉంటే క్షమించండి’ అని ఉంది. ‘బాధపడి ఉంటే’ అంటున్నావు, ఆ రోజు నువ్వు చూడలేదా అని అడిగాను. తిరిగి రాశాడు. ‘నేను అన్న మాట తప్పు. మీరు పొత్తు తినకుండా వెళ్ళడం చూశాను.’ రెండోవాడు, అతన్ని అందరూ తారు డబ్బా అంటారని చెప్పాను కదా, ఉత్తరం రాయలేదు. కానీ ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు పలకడం మానేశాడు. ఏడవడం లేదు కదా అన్నవాడు, ఆ పేరు ఇష్టం లేదని మొదటిసారి చెప్పాడు.

గేటు దగ్గర ఉత్తరం ఇవ్వడానికి కుర్రాడితో పాటు నేనూ వెళ్ళాను, కొంచెం దూరంగా నిలబడ్డాను. ఆ ఇథియోపియా అబ్బాయి నిలబడే చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుర్రాడి పేరు అడిగాడు. తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

‘ఆయన క్షమించారా టీచర్?’ అన్నాడు మావాడు తిరిగి వస్తూ.

తెలియదన్నాను. అది ఆయన ఇష్టం అన్నాను.

పొత్తుల బండి ఇంకా అక్కడే ఉంటుంది, సాయంత్రం ఐదున్నర నుంచి. అతను అక్కడికి మళ్ళీ రావడం నేను ఇంతవరకూ చూడలేదు.